కొత్త వాచీ నాకు, పాతది అమ్మకు

నా మొదటి స్మార్ట్‌వాచీ ఐదో పీరియడ్‌లో చచ్చిపోయేది. ఒకసారో రెండుసార్లో కాదు, రోజూ. పొద్దున్న వందకు వంద చూపించేది. ప్రార్థన వేళకు ఎనభైకి, మధ్యాహ్నం భోజనాలకు ముప్ఫైకి దిగేది. ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతుండగా మణికట్టు మీద ఒక్క వణుకు వణికి నల్లబడిపోయేది. కొన్న కొత్తలో రెండు రోజులు నిలిచిన వాచీయే అది. మూడేళ్లకే ముసలిదైపోయింది.

అసలు దాన్ని కొనడానికి కారణం మా వీధి డాక్టరుగారు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల కూర్చునే పెద్దాయన, బెంగాలీ. నా రక్తపోటు చూసి, "దిదిమణి, ముందు నడవండి. మందు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఇక్కడ పంతులమ్మలందరూ దిదిమణులే. నేను లెక్కల దిదిమణిని కాబట్టి నడకకు కూడా లెక్క ఉండాలనుకుని వాచీ కొన్నాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. బడి నుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక. వాచీ చచ్చిపోయాక వేసే అడుగులు ఎవరి లెక్కలోకీ రావు. లెక్కలోకి రాని అడుగులు వెయ్యడానికి నాకు మనసొప్పేది కాదు. వాచీ బతికి ఉంటే నడుద్దాం, చచ్చిపోతే ఆటో ఎక్కుదాం అని నియమం పెట్టుకున్నాను. అది రోజూ చచ్చేది కనుక రోజూ ఆటోయే.

మా ఆయన షాలిమార్ గూడ్సు యార్డులో గుమాస్తా. వాచీల మీద ఆయనకు నమ్మకం లేదు. "నీ కాళ్లు నడిస్తే నీ కాళ్లకి తెలీదేటి? దానికో సాక్షి కావాలేటి?" అనేవారు.

కొత్తది కొనమని పోరు పెట్టింది మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి. వరంగల్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు వెతుక్కుంటూ ఈ వీధికి వచ్చి, మా గుమ్మంలో మా అమ్మ ఎవరినో తెలుగులో తిడుతుంటే విని, బేరం కూడా ఆడకుండా ఇక్కడే దిగిపోయింది.

"అక్కా, గీ వాచ్ పనైపోయింది. కొత్తది తీస్కో. పన్నెండు దినాలు చార్జింగ్ ముచ్చటే ఉండది. నిద్ర చూస్తది, ఆక్సిజన్ చూస్తది, టెన్షన్ గూడ చూస్తది" అంది.

"టెన్షన్ ఉందని నాకు తెలుసు కదమ్మా, అది చూసేదేముంది?"

"ఎంతున్నదో తెల్వాలె కదక్కా."

'ఎంత' అన్న మాట దగ్గర నేను పడిపోయాను. ఆ ఆదివారమే కొనేశాను.

బ్యాటరీ విషయంలో ఆ పిల్ల చెప్పింది నిజమే. ఐదో రోజుకి కూడా సగానికి పైనే ఉంది. క్లాసులో చెయ్యెత్తి బోర్డు మీద రాస్తూ మధ్యమధ్యలో దాన్ని చూసి మురిసిపోయేదాన్ని. ఆరోగ్యం విషయంలోనే కష్టాలు మొదలయ్యాయి. కొత్త వాచీ నిద్రకు మార్కులు వేస్తుంది. మొదటి రోజు పొద్దున్నే లేచి చూస్తే నాకు యాభై నాలుగు వచ్చాయి. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు మార్కులు వేస్తున్నదాన్ని. నాకు మార్కులు వేసినవాళ్లు మా అత్తగారు తప్ప మరొకరు లేరు. యాభై నాలుగంటే నా క్లాసులో తల్లిదండ్రుల్ని పిలిపిస్తాను. పౌరుషం వచ్చి ఆ రాత్రి కష్టపడి నిద్రపోయాను. నలభై తొమ్మిది వచ్చింది.

వాచీలోనే తప్పుందేమోనని ఒక రాత్రి మా ఆయన చేతికి కట్టాను. గురక పెట్టి ఇల్లంతా అదరగొట్టిన మనిషికి ఎనభై ఎనిమిది! ఆ వారమంతా మా ఇంట్లో ఆయనదే ఫస్టు ర్యాంకు. కాఫీ కూడా మంచం దగ్గరికే తెప్పించుకున్నారు.

టెన్షన్ సంగతి మరీ అన్యాయం. ఒకనాడు హెడ్‌మిస్ట్రెస్ తన గదికి పిలిచి సిలబస్ వెనకబడిందని అంటుండగా చేతి మీద వాచీ వణికింది. చూస్తే, గాఢంగా ఊపిరి పీల్చి నెమ్మదిగా వదలమని రాసి ఉంది. ఆరోగ్యం కోసమే కొన్నాను కదా, దాని మాట వినకపోతే ఎలాగని పీల్చి వదిలాను. ఆవిడ మాట ఆపేసి, "నేను మాట్లాడుతుంటే మీకు నిట్టూర్పులు వస్తున్నాయా?" అంది. తర్వాతి వారం ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసు నాకే పడింది.

ఈలోగా పాత వాచీ అమ్మ చేతికి వెళ్లింది.

అమ్మకు డెబ్బై ఏళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి, కార్పొరేషన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు చీపురు పట్టి రిటైరైంది. వాట్‌గంజ్ సందులు ఆవిడ వంతు. నాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది. వాచీ చేతికి కడుతుంటే గాజులు పైకి తోసి అనుమానంగా చూసింది.

"ఇది సాయంత్రానికి ఆగిపోతాదంట కదే?"

"అవునమ్మా, మద్దేనం దాకే పనిచేస్తాది."

"మంచిదే. దీనికీ డూటీ టైమున్నాదన్నమాట."

మేడ మీద అమ్మాయి ఆ వాచీని అమ్మ ఫోనుకు కలిపి, అమ్మ అడుగుల లెక్క నా ఫోనులో కూడా కనిపించేలా చేసింది. మర్నాడు సాయంత్రం చూసుకుంటే నావి నాలుగు వేల తొమ్మిది వందలు. అమ్మవి పదకొండు వేల పైచిలుకు.

మొదటి రోజు నవ్వుకున్నాం. రెండో రోజూ అంతే. మూడో రోజు నాకు నవ్వు రాలేదు. అమ్మ పొద్దున్నే మూలనున్న శీతలమ్మ గుడికి వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని వస్తుంది. మేం ఎరిగిన నడక అంతే. గుడికి మహా అయితే మూడు వందల అడుగులు.

"వాచీ పాడైపోయింది" అన్నాను.

"రొట్టెలు ఒత్తినప్పుడు చెయ్యాడితే అదీ అడుగనుకుంటందేమో" అన్నారు మా ఆయన. వెంటనే అమ్మ చేత ఆరు రొట్టెలు ఒత్తించాం. వాచీ ఒక్క అడుగు కూడా ఒప్పుకోలేదు. మేడ మీద అమ్మాయి వచ్చి అమ్మను వరండాలో సరిగ్గా వంద అడుగులు నడిపించింది. తొంభై తొమ్మిది చూపించింది.

"వాచ్ మంచిగనే ఉన్నది అక్కా. అమ్మమ్మనే ఏదో దాస్తున్నది" అంది ఆ పిల్ల.

అమ్మ ఏమీ విననట్టు రొట్టెలకు నెయ్యి రాసుకుంటూ కూర్చుంది.

బడికి సెలవున్న ఒక పొద్దున్న నేను అమ్మ వెనకాలే బయల్దేరాను. కొంగు తలమీదుగా కప్పుకుని ముప్ఫై అడుగుల దూరంలో నడిచాను. అమ్మ గుడి దగ్గర చెప్పులైనా విడవలేదు. మందారపువ్వులు గడప మీద పెట్టి, బయటినుంచే దణ్ణం పెట్టి, అర నిమిషంలో పెద్ద రోడ్డెక్కేసింది. అక్కణ్ణుంచి రేవుకు వెళ్లే లారీల పక్కనుంచి ఆవిడ నడిచిన వేగానికి నాకు ఆయాసం వచ్చింది. వాట్‌గంజ్ చేరేసరికి నా జాకెట్టు చెమటతో తడిసిపోయింది. అమ్మ ఒక సందులోకి తిరిగింది, మరో సందులోంచి బయటికొచ్చింది, కాలవ మీది ఇనప జాలీ దగ్గర వంగి చూసింది, మళ్లీ నడిచింది. నాకు అప్పుడు అర్థమైంది. ఇది ఆవిడ పాత వంతు. రిటైరై పదేళ్లయినా సందు వెనక సందుగా అదే వరసలో తిరుగుతోంది.

చివరికి ఒక టీ కొట్టు దగ్గర ఆగింది. అక్కడ ముగ్గురు కార్పొరేషన్ పనివాళ్లున్నారు. నేను కాస్త ఇవతల, ఆగి ఉన్న తోపుడుబండి వెనక నిలబడ్డాను. వాళ్లలో ఒకమ్మాయి తెలుగు పిల్లే, కొత్తగా పనిలో చేరినట్టుంది. అమ్మ ఆ పిల్ల చేతిలోంచి చీపురు లాక్కుంది.

"గాలి ఎటునుంచొస్తందో సూడవేటే? ఎదురుగాలికి ఊడిస్తే సెత్తంతా నీ మొకానికే కదా వస్తాది! ఇటు నిలబడు. ఇలగ."

ఆ పిల్ల నవ్వుతూ చీపురు తీసుకుంది. తల నెరిసిన ఒక బెంగాలీ పనివాడు అమ్మకు మట్టి కప్పులో టీ అందిస్తూ, "మాషీ, మొన్న వానకి నువ్వు చెప్పిన జాలీయే ఎత్తాం. గంటలో నీళ్లు దిగిపోయాయి" అన్నాడు. మాషీ అంటే పిన్ని. అమ్మ పెద్ద ఇంజనీరులా తలాడించింది.

సరిగ్గా అప్పుడే నా కొత్త వాచీ కీచుమని అరిచింది. నా గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందట, కూర్చోమంది. నలుగురూ ఒక్కసారి ఇటు తిరిగారు.

"ఓలమ్మీ! నువ్వేటి ఇక్కడ?"

"నువ్వేటి ఇక్కడ? గుడికెల్తానన్నావు కదా."

"ఎల్నాను. అమ్మోరు కనబడింది, దణ్ణమెట్టి ఒచ్చేసినాను. అక్కడ కూకుని ఏటి సేస్తాను?" అని, వాళ్ల వైపు తిరిగి, "మా అమ్మాయి. బళ్లో లెక్కలు సెప్తాది" అంది.

"ఈవిడేనా? రోజూ వింటున్నాం" అన్నాడు తల నెరిసినాయన, టీ కొట్టు బల్ల మీద నాకు చోటిస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, నాతో చెప్పకుండా ఎందుకు దాచావని.

"సెప్తే ఒద్దంటావు. నీకు నామోషీ కదా."

"నాకెందుకమ్మా నామోషీ?"

"మీ బళ్లో ఆళ్లకి నాను కార్పొరేషన్ ఆఫీసులో పని సేసేదాన్నని సెప్పినావు కాదేటి? ఓ దిదిమణి బజార్లో కనబడి, ఏ సెక్షన్‌లో సేసేవారండీ అనడిగింది. రోడ్డు సెక్షన్ అన్నాను."

అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే ముఖం మండింది. అలా చెప్పిన మాట నిజమే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి అన్నాను, తర్వాత ఎప్పుడూ దిద్దలేదు. అమ్మ ఎంతకాలంగా ఎరుగునో అడిగే ధైర్యం రాలేదు.

అప్పట్నుంచి సెలవు రోజుల్లో ఆవిడతో నేనూ వెళ్లసాగాను. ఇన్ని అడుగులు నడిచే మనిషికి పాత వాచీ ఏమిటని నా కొత్తది అమ్మ చేతికి కట్టాను. ఒక్క రోజు ఉంచుకుని తిరిగిచ్చేసింది. "నాను పడుకున్నానో నేదో దానికెందుకే? నిద్దట్లో కూడా కాపలాయేటి! నాకు నాదే ఇచ్చీ" అంది. అంతకుముందు వాచీ అంటే పడని మా ఆయన మాత్రం, ఆ ఎనభై ఎనిమిది మళ్లీ వస్తుందేమో చూద్దాం, వారానికొకసారి తనకివ్వమని అడిగారు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, మేం వాట్‌గంజ్‌లో ఉండగానే కుండపోతగా కురిసింది. అరగంటలో సందులో మోకాళ్ల లోతు నీళ్లు. పనివాళ్లు పెద్ద రోడ్డు మీదికి వెళ్లిపోయారు. అమ్మ గొడుగు మొనతో నీళ్లలో తడిమి, "ఇక్కడున్నాది జాలీ. మూసుకుపోనాది" అంటూ చీర కుచ్చిళ్లు ఎగదోపబోయింది. నేను ఆపాను.

"నీ వాచీ నీళ్లకి ఆగదమ్మా. నాదాగుతాది" అన్నాను. కొన్నప్పుడు డబ్బా మీద అలాగే రాసి ఉంది మరి.

వంగి, మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చేతికి తగిలినవన్నీ లాగాను. పాలిథిన్ సంచులు, కొబ్బరి పీచు, ఎవరిదో ఒంటి చెప్పు. అమ్మ గొడుగు కింద నిలబడి ఎడమపక్క లాగు, కుడిపక్క లాగు అని హుకుం చేసింది. నాలుగో గుప్పెడుకు నీళ్లు గుడగుడమని సుడి తిరిగి కిందికి దిగడం మొదలైంది. నా జీవితంలో ఏ లెక్క తేలినప్పుడూ అంత సంతోషం కలగలేదు.

తలెత్తేసరికి ఎదురుగా స్కూటర్ తోసుకుంటూ మా బడి పిల్లవాడి తండ్రి. "దిదిమణి! మీరా? ఇక్కడ... ఇదేమిటి?" అన్నాడు హిందీలో.

"ఈవిడ మా అమ్మ. ఈ వీధి ముప్ఫై ఒక్క ఏళ్లు ఊడ్చింది. ఇవాళ నన్ను పనిలో పెట్టుకుంది" అన్నాను.

"పని సరిగ్గా రాదు. ఇంకా నేర్చుకోవాలి" అంది అమ్మ తన హిందీలో.

ఆయన స్కూటర్‌కు స్టాండు వేసి, ముందు అమ్మకు, తర్వాత నాకు నమస్కారం పెట్టాడు. సోమవారం స్టాఫ్‌రూమ్‌లో ఆ కబురు నాకంటే ముందే చేరిపోయింది. అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టే చెప్పాను. రోడ్డు సెక్షన్ జోకు కూడా చెప్పాను. అందరికంటే గట్టిగా హెడ్‌మిస్ట్రెస్సే నవ్వింది.

మేడ మీద అమ్మాయి స్నేహితులు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, కొత్త వాచీ కొనడం దండగా కాదా అని. బ్యాటరీ కోసమైతే కొనండంటాను. ఒక్కటే ఇబ్బంది. పన్నెండు రోజులకొకసారి చార్జింగు పెట్టాలంటే ఆ చార్జరు ఎక్కడ పెట్టామో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నిద్ర మార్కులు ఇక రాకుండా మీట నొక్కేశాను. ఇప్పుడు బాగానే నిద్రపడుతోంది, ఎంతో తెలీదు.

కిందటి నెల డాక్టరుగారి దగ్గరికి అమ్మనూ తీసుకెళ్లాను, మోకాళ్లు పట్టేస్తున్నాయంటే. ఆయన నా రక్తపోటు చూసి, తగ్గిందని సంతోషించి, "ఇలాగే నడవండి" అన్నారు. తర్వాత అమ్మ మోకాళ్లు నొక్కి చూసి, "మాషీమా, మీరు మాత్రం నడక సగానికి తగ్గించాలి" అన్నారు.

"ఏ సందు మానెయ్యమంటారో మీరే చెప్పండి" అంది అమ్మ బెంగాలీలో.

డాక్టరుగారు ఆ సందుల పేర్లు అడిగారు. అమ్మ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. బయట బల్ల మీద ఇంకా ఆరుగురు రోగులు కూర్చుని ఉన్నారు.