మోచేతికి బెత్తెడు కింద

సుందరి టీచరుకి ఈ జన్మలో మిగిలిన కోరిక ఒక్కటే. నేల మీద నిలబడి వంట చేసుకోవాలి. వినడానికి నవ్వొస్తుంది. నవ్వేవాళ్ళు ముప్పై ఏళ్ళు పీటెక్కి కూరలు వేయించి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అసలు పేరు బాలత్రిపురసుందరి. పేరుకున్న పొడవు మనిషికి లేదు, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ప్రత్తిపాడు దగ్గర ఒక హైస్కూల్లో హిందీ చెప్పి కిందటేడు రిటైరయింది. పెళ్ళి కాలేదు. సంబంధాలు రాకపోలేదు, వచ్చిన ప్రతిదానికీ ఏదో ఒకటి అడ్డం పడింది. ఒకళ్ళకి పిల్ల మరీ పొట్టిగా కనిపించింది, ఇంకొకళ్ళు ఉద్యోగం మానెయ్యమన్నారు, మరొకళ్ళు ఏమీ చెప్పకుండానే ఊరుకున్నారు. నలభై దాటాక సంబంధాలతోపాటు కారణాలు కూడా రావడం మానేశాయి.

గుంటూరు బ్రాడీపేటలో అన్నగారు రామమూర్తి ఇంట్లోనే ఆమె బతుకంతా గడిచింది. ఆ ఇంటి వంటగది బాగుచేయించి నల్లటి కడప రాయి గట్టు వేయించినప్పుడు, ఎంత ఎత్తు పెట్టమంటారండీ అని తాపీమేస్త్రి అడిగాడు. మా ఆవిడకి సరిపడా పెట్టు అన్నాడు రామమూర్తి. వదినగారు అయిదున్నర అడుగుల మనిషి. వంట మాత్రం రెండు పూటలా సుందరిదే. బస్సెక్కేలోపు ఇంటిల్లిపాదికీ వండి పెట్టి వెళ్ళాలి. మేస్త్రి వెళ్ళిపోయాక చూసుకుంటే గట్టు ఆమె మోచేతులు దాటి పైకొచ్చింది. పీట తెచ్చుకుని ఎక్కింది, అంతే, మళ్ళీ దిగలేదు. కుడి భుజం నొప్పి అప్పట్నుంచీ తోడుగానే ఉంది. అన్నగారు చెడ్డవాడేం కాదు. కళ్ళ ముందున్న మనిషి కంటికి ఆనకపోవడాన్ని చెడ్డతనం అనరు, అలవాటంటారు.

ఇప్పుడు మేనల్లుడు సాయికౌశిక్‌కి పెళ్ళి కుదిరింది. కొత్త జంటకి గది కావాలి కదా అని వదిన నెలలో నాలుగుసార్లు అంది. పొమ్మనలేక పొగబెట్టడమే అది. సుందరికి అర్థం కాకపోలేదు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బు పెట్టి నల్లపాడు స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. వంటగదిలో గట్టు మాత్రం ఎవరికి కావలసింది వాళ్ళే వేయించుకోవాలన్నాడు కట్టినాయన. ఆ మాట వింటే మిగతావాళ్ళకి చిరాకు పుట్టింది, సుందరికి ప్రాణం లేచొచ్చింది. సామాను సర్దుకుంటూ పీటని మాత్రం బ్రాడీపేటలోనే వదిలేసింది.

ఫిబ్రవరి నెలలో, యార్డుకి మిరప బస్తాలు దిగుతుంటే ఊరు ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, ఆమె గట్టు రాయి కోసం క్వార్ట్జ్ షోరూముకి వెళ్ళింది. అక్కడి అమ్మాయి పేరు నసీమున్నీసా. పాతికేళ్ళుంటాయి, మాటకారి. రాతిపొడిని జిగురుతో కలిపి పలకలుగా పోస్తారనీ, మరకలు అంత తేలిగ్గా పట్టవనీ, పసుపు పడితే మాత్రం వెంటనే తుడిచెయ్యాలనీ, పొయ్యి మీది గిన్నె తిన్నగా దించకుండా కింద గుడ్డ వెయ్యాలనీ ఓపిగ్గా చెప్పింది. తెల్లటి పలక మీద బూడిదరంగు చారలున్నది చూపించి, ఊళ్ళో పది వంటిళ్ళకి ఎనిమిదింట్లో ఇదే మేడం అంది. తర్వాత బిస్కెట్ రంగు, తర్వాత సిమెంటు రంగు, తర్వాత మెరుపుల నలుపు. సుందరి అన్నిటికీ తలూపుతూనే ఉంది. కళ్ళు మాత్రం వెనక వరసలో ఒంటరిగా నిలబెట్టిన ఎర్ర పలక మీద ఉన్నాయి.

ఎరుపంటే అలాంటిలాంటి ఎరుపు కాదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, మధ్యమధ్య సన్నటి అద్దప్పొడి మెరుపులు. ముప్పై ఏళ్ళు స్కూలుకి పోతూ వస్తూ బస్సు కిటికీలోంచి ఆమె చూసిన రంగు అది. మాఘం నుంచి చైత్రం దాకా రోడ్డుకి రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉండేవి. కిటికీ పక్క సీటు దొరకడం కోసం ఒక బస్సు వదులుకుని ఇంకో బస్సెక్కిన రోజులున్నాయి. దార్లో ఏం చూశావని ఇంట్లో ఎవరూ ఒక్కనాడూ అడగలేదు. ముప్పై నాలుగో ఏట ఎర్ర మంగళగిరి చీర కొనుక్కుంటే, ఈ వయసులో ఎరుపేమిటే, నలుగురూ నవ్వరూ అంది వదిన. మర్నాడే వెళ్ళి గచ్చకాయ రంగుకి మార్చుకొచ్చింది. ఇక ఆ తర్వాత ఎరుపు జోలికి పోలేదు.

ఆమె చూపు పట్టేసింది నసీమా. "అది మూడేళ్ళ నుంచి అక్కడే ఉంది మేడం. అందరూ చూస్తారు, ఎవరూ తీసుకోరు. మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారా?"

ఇంట్లో ఎవరూ లేరమ్మా, నాకు ఇష్టం. రెండే ముక్కలు. ఆ రెండు ముక్కలూ సుందరి నోటికి రాలేదు. అన్నకి ఇష్టం, వదినకి పడదు, పిల్లలు తినరు, ఇలాంటివే ఇన్నేళ్ళూ ఆ నోట్లో తిరిగాయి. నాకు ఇష్టం అనే మాట వాడకం లేక తుప్పుపట్టి ఉంది. నాలిక దొరికినదాన్ని పట్టుకుంది.

"మావారికి ఎరుపంటే ఇష్టమమ్మా."

అన్నాక ఆమే అదిరిపడింది. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడీ మహానుభావుడు?

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టే అతికింది. వంటింటి రంగు పట్టించుకునే మగవాళ్ళు ఎక్కడుంటారు మేడం, సార్ వంట కూడా చేస్తారా ఏంటి అని నసీమా మురిసిపోయింది. నిండా మునిగినవాళ్ళకి చలేమిటి? ఆదివారాలు వంట ఆయనదే అని చెప్పేసింది సుందరి. గుత్తివంకాయ ఆయన చేస్తేనే తినాలంది. మనిషి పొడగరి అంది. ఎంత పొడవంటే ఆరడుగులంది. లేని మనిషిని తనకి తనే ఇచ్చుకునేటప్పుడు పిసినారితనం దేనికి? కాయితంలో రాయడానికి సార్ పేరడిగితే మాత్రం తల దించుకుంది. మా నానీ, అంటే మా అమ్మమ్మ, ఆమె కూడా మొగుడి పేరు చెప్పదు మేడం అని నవ్వి, ఆ గడిని నసీమా ఖాళీగా వదిలేసింది. సార్‌కి చూపించమని అరచేతంత ఎర్ర ముక్క కూడా ఇచ్చింది.

ఆ ముక్కని తెచ్చి వంటగది కిటికీలో పెట్టింది సుందరి. మొదటిరోజంతా సిగ్గుతో చచ్చిపోయింది. అరవై మూడేళ్ళొచ్చాయి, పిల్లలకి నీతులు చెప్పిన నోరు, ఏమిటీ బుద్ధి అని తిట్టుకుంది. రెండోరోజు పొద్దున ఎండ ఆ ముక్క మీద పడి తళతళలాడుతుంటే, "ఏమండీ, ఎండలో ఇంకా బాగుంది కదూ" అంది. పైకే అంది. ఆ గొంతు తనదేనని తెలిసి చెవులు వేడెక్కాయి. ఏమండీ అని పిలవడం లోకంలో ఆడవాళ్ళకి పెద్ద పనేం కాదు, గుమ్మం దగ్గర్నుంచి వంటింటి దాకా ఎక్కడ నిలబడైనా పిలుస్తారు. ఆమె మాత్రం ఆ రోజే మొదటిసారి పిలిచింది.

మూడోరోజు నేల మీద కూర్చుని చిన్న గ్యాస్ పొయ్యి మీద గుత్తివంకాయ చేసింది. చూస్తే ఇద్దరికి సరిపడా అయింది. మిగిలింది రాత్రికి తనే తింది. తెల్లది తీసుకుంటే నలుగురిలో బాగుంటుందేమో అని ఆయన్ని అడిగి చూసింది. నలుగురూ వచ్చి మనింట్లో వండుతారా అన్నాడాయన. నీ వయసుకి అనే మాట ఆ మనిషి నోట ఒక్కసారి కూడా రాలేదు. నాలుగోరోజు నసీమా ఫోన్ చేసి సార్ చూశారా మేడం అంటే, చూశారు, ఇంక మార్చే పనే లేదన్నారు అని గడగడా చెప్పింది. నాలుగు రోజుల్లో ఎంతబాగా కుదిరిపోయింది ఆ కాపురం!

అయిదోరోజు కొలతలు తీసే ఇమ్మానియేలు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు, జేబులో షోరూము కాయితం. కింద చెక్క పెట్టెలు ముందు కడతామనీ, వాటి మీద రాయి కూర్చుంటుందనీ, పెట్టెలు కట్టేశాక ఎత్తు మార్చడం కుదరదనీ చెప్పి పనిలో దిగాడు. సుందరి కాఫీ కలుపుకొచ్చేసరికి గోడ మీద ఈ మూల నుంచి ఆ మూలకి పెన్సిలు గీత ఉంది. దగ్గరికెళ్ళి నిలబడింది. బ్రాడీపేట గట్టు కంటే రెండంగుళాలు పైనే ఉంది గీత.

ఎందుకంత ఎత్తని అడిగింది.

"సారు ఆరడుగుల మనిషని, వంట ఆయన కూడా చేత్తారని రాశారండి. ఆ లెక్కన ముప్పై తొమ్మిది పెట్టాను. మీకు కొంచెం ఎత్తవుద్ది. చిన్న పీట ఏసుకుంటే సరిపోద్ది లెండి."

పీట! వదినైనా ఉన్న మనిషి. లేని మొగుడి కోసం కూడా పీటెక్కాలా?

తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. ఆయనకి నడుం నొప్పి, ఇక వండరులెండి అంటే సరిపోతుంది. ఇంకొక్క అబద్ధం, నాలుగంటే నాలుగు మాటలు. కానీ అలా చెప్పినా ఆ గట్టు ఆయన వదిలేస్తే తనకి వచ్చినట్టే అవుతుంది. ఎవరో వదిలేసినవి తీసుకుని తీసుకుని విసుగెత్తిపోయింది ఆమెకి. చేతిలో కాఫీ గ్లాసు కిటికీలో పెట్టింది.

"ఆయన ఎవరూ లేరు ఇమ్మానియేలు గారూ. నాకు అసలు పెళ్ళే కాలేదు. ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నాకు కొలవండి."

ఇమ్మానియేలు బొటనవేలితో గోడ మీద గీతని రుద్ది చెరిపేశాడు. గోడకి ఆనుకుని నిటారుగా నిలబడమన్నాడు, చెయ్యి మడవమన్నాడు. నేల దగ్గర్నుంచి మోచేతి దాకా టేపు లాగి, అక్కణ్ణుంచి నాలుగు వేళ్ళు కిందకి వదిలి గుర్తు పెట్టాడు. గట్టెప్పుడూ మోచేతికి బెత్తెడు కిందుండాలమ్మా, అప్పుడు భుజం లాగదు అన్నాడు. ముప్పై రెండు అంగుళాలొచ్చింది. జాకెట్టు కొలతలు తప్పిస్తే, ఆమె ఒంటిని చూసి లోకంలో ఏ వస్తువునీ ఎవరూ కొలిచి చెయ్యలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే ఇమ్మానియేలు కిటికీ వైపు తిరిగి కాఫీ తాగాడు.

వెళ్ళేముందు మళ్ళీ కాయితం తీశాడు. "మరి రంగు సంగతేంటమ్మా? ఎరుపు సారుకిష్టమని ఉంది. రాయింకా కొయ్యలేదు. తెల్లది కావాలంటే ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను."

"మార్చొద్దు. ఎరుపు నాకే ఇష్టం."

ఆ మాటకి నోరు తిరగడానికి అరవై మూడేళ్ళు పట్టింది. ఇమ్మానియేలుకి అదేం తెలుసు, సరేనని రాసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చింది సుందరి. గెలిచినట్టు ఉండాలి, లేదు. స్టేషను వైపు ఏదో గూడ్సు పోతోంది. కిటికీలో ముక్కని చేతిలోకి తీసుకుని, అలవాటుగా ఏమండీ అనబోయి ఆగిపోయింది. పిలిస్తే పలికేదెవరు? నిన్నటిదాకా ఉన్నాడు. ఎరుపు బాగుందన్న ఒకే ఒక్క మనిషిని తన నోటితో తనే లేడని చెప్పి పంపేసింది. అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. బ్రాడీపేట గుమ్మం దిగినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. నలుగురికీ చెప్పుకుని ఏడవడానికి అది చావూ కాదు, విడాకులూ కాదు.

మూడు వారాలకి గట్టొచ్చింది. వంటగదంతా మిరపకల్లంలా ఎర్రబారింది. ఆ ఆదివారం పొద్దున సుందరి నేల మీద నిలబడి వంకాయలు తరుగుతోంది. చెయ్యి దానంతటది ఆడుతోంది, భుజం లాగడం లేదు. ఇంతలో ఫోన్ మోగింది. నసీమా.

గట్టు కుదిరిందా మేడం అని అడిగి, కొంచెం భయంభయంగా ఇంకో మాట అంది. ఇమ్మానియేలు ముప్పై రెండే పెట్టారట, సార్‌కి మరీ కిందకైపోలేదా, ఆయన వంట చేసేటప్పుడు వంగాల్సి వస్తుందేమో అని. అంటే ఇమ్మానియేలు ఎవరికీ చెప్పలేదన్నమాట.

సుందరి కత్తి పక్కన పెట్టింది. కిటికీలో ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది, ఎండ దాని మీద పడుతోంది. ఒక్క క్షణం దాన్నే చూసింది.

"వంగుతారులేమ్మా. ముప్పై ఏళ్ళు నేను పీటెక్కాను. ఆదివారం ఒక్కపూట ఆయన వంగితే ఏం పోయింది?"

నసీమా పకపకా నవ్వింది. సుందరి కూడా నవ్వి ఫోన్ పెట్టేసింది. ఆ నవ్వు కాసేపుండి పోయింది. ఆదివారమే అయినా వంట ఆమే చేసుకుంది. కూర ఉడికాక, నసీమా చెప్పింది గుర్తుంచుకుని, ఎర్ర రాయి మీద గుడ్డ పరిచి గిన్నె దించింది. కూర ఇవాళ కూడా ఇద్దరికయింది.