చాటెడు తవుడుకు కొన్న చిరునామా

సరుకు కంటె పేరే ముందని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. ఇరవయ్యారేళ్ళు, సూర్యాపేటలో ఒక గది, బల్ల మీద కంప్యూటరు, పక్కన డైరీ. (నిద్ర లేచిన నిమిషంతో సహా రాసుకునే జబ్బు అప్పటికే ముదిరింది.) మిర్యాలగూడ బియ్యాన్ని ఇంటర్నెట్లో అమ్మి నేరుగా పట్నం వంటిళ్ళకు చేర్చాలని నేనూ, కోదాడలో ఉండే మా అక్క భర్తా తీర్మానించుకున్నాము. బియ్యం ఇవ్వవలసినవాడు మిర్యాలగూడలో మిల్లు నడిపే మా మేనమామ. మొదటి లోడు నమ్మకం మీద ఇస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. "పేరు కుదరాలె, మంచి గడియల పెట్టాలె. రెండిట్ల ఏది తప్పినా ఇగ ఆ ముచ్చట ఖతం. మా మిల్లుల గుమస్తగ కూసో, గంతే." ఆ కుర్చీ ఎటువంటిదో నాకు తెలుసు. అందులో కూర్చున్న పెద్దమనిషి ఇరవై రెండేళ్ళుగా లేవలేదు.

పేరు తేలడానికి పదకొండు రోజులు పట్టింది. డైరీలో నలభై మూడు పేర్లున్నాయి: ముప్పై ఒకటి ఎవరో అప్పటికే వెబ్ చిరునామాగా కొనేసుకున్నవి, తొమ్మిది బావకు నచ్చనివి, రెండు మా అక్క విని నవ్వినవి. మిగిలింది 'అమ్మమ్మ సోల'. మా అమ్మమ్మ కూలీలకు వడ్లు కొలిచేటప్పుడు సోల మీద గోపురం లేచేదాకా పోసేదట. ఆమె కొడుకైన మామ ఆ పేరు వినగానే కండువాతో కళ్ళొత్తుకుని, ఆ చేత్తోనే పంచాంగం తీశాడు.

"బేస్తారం పదకొండు ఇరవైకి. పన్నెండు నిమిషాలే ఉంటది. పిల్లకు పేరు పెట్టినట్టు పెడదాం. అందాక ముట్టకు."

"అందాక ఎవడన్న కొనుక్కుంటె ఎట్ల మామా?"

"మా అమ్మ సోల ఇంకెవనికి కావాల్రా?"

పూటకొకసారి కంప్యూటరులో చూసి, 'ఖాళీయే' అని రాసుకుంటూ వచ్చాను. చివరి నమోదు బుధవారం ఉదయం తొమ్మిదికి. ఆ తరువాత బస్సెక్కి మిర్యాలగూడ చేరాను.

గురువారం మిల్లు ఆఫీసులో అత్తయ్య కంప్యూటరుకు బొట్టు పెట్టి, మౌసు మీద చేమంతిపువ్వు ఉంచింది. హమాలీలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. సరిగ్గా పదకొండు ఇరవైకి పువ్వు పక్కకు జరిపి బటను నొక్కాను. ఈ చిరునామా ఇప్పటికే వేరొకరిది అని తెర మీద వచ్చింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే.

"ఏమైందిరా?"

"ఎవరో కొన్నరు మామా."

"గన్ని లెక్కలు రాస్తవు, ఒక్క పేరు కాపాడనీకి రాలేదా?" అన్నాడు మామ. అంతలో కోదాడ బస్సు దిగిన బావ మిఠాయి పెట్టెతో లోపలికి వచ్చాడు.

"ఏంటి బామ్మర్దీ, ఎవరో పోయినట్టు నిలబడ్డారు? కొన్నది నేనే! ముహూర్తమని కూర్చుంటే ఎవడో ఒకడు ఎగరేసుకుపోతాడని నిన్ననే నా పేరు మీద కొనేశా. అందరి ముందూ చెబుదామని ఆగాను."

నేను ఆయనను కౌగిలించుకోబోయాను. మామ చెయ్యి అడ్డుపెట్టాడు. "నిన్న ఎన్ని గంటలకు?"

"పన్నెండున్నర అయ్యుంటుంది మామయ్యా."

"బుధారం పన్నెండున్నర! నడి రాహుకాలం!" మామ నా వైపు తిరిగాడు. "అల్లుడా, రేపటి సంది గుమస్త కుర్సీల కూసో."

"జర ఆగుండ్రి," అంది అత్తయ్య. "చెడు గడియల పుట్టిన పిల్లగాన్ని పారేస్తరా? సాటల పెట్టి తవుడుకు అమ్ముతరు. కొన్నోళ్ళ ఇంట్ల పుట్టినట్టే లెక్క. మిమ్ముల గట్లనే అమ్మి మల్ల కొన్నది గాదా మా అత్తమ్మ?"

మామ గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడు సమయం పదకొండూ ఇరవై ఏడు. మిల్లులో తవుడుకు కరువా? ఒక హమాలీ చాటెడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బావ పాస్‌వర్డు కాగితం మీద రాసి, ఖాళీ చాటలో పడుకోబెట్టి, "ఇదేం బేరం అత్తయ్యా?" అన్నాడు.

"సప్పుడు జెయ్యకు. బుధారం పని జేసింది నువ్వే. తవుడు ఈడ ఇడిసిపెట్టొద్దు, ఎంబడి తీస్కపో."

పదకొండూ ముప్పై ఒకటికి అమ్మకం పూర్తయింది. మామ అందరికీ మిఠాయి పంచి, లోడు ఎత్తమన్నాడు. బావ తవుడు సంచీతో కోదాడ బస్సెక్కాడు.

చిరునామాలను చాటలు మార్చలేవని నాకు ఆనాడే తెలుసు. దానికి దరఖాస్తు ఉంటుంది; పెట్టాను. నా పేరు మీదికి మారినట్టు జవాబు వచ్చింది మరుసటి మంగళవారం, మధ్యాహ్నం మూడూ నలభైకి. మంగళవారాలకు అది నిండు రాహుకాలం. అప్పటికి లోడు పట్నం చేరింది, పదిహేడు ఇళ్ళలో అన్నం ఉడికింది. మామకు చెప్పలేదు. ఈ మధ్య ఆ డైరీ తిరగేశాను. ఆ మంగళవారం 'చిరునామా నా పేర వచ్చినది' అని ముచ్చటైన దస్తూరీతో రాసి ఉంది. పళ్ళు తోముకున్న సమయం కూడా వదలని ఆ కుర్రవాడు, ఆ ఒక్క వాక్యం పక్కన మాత్రం గంటా నిమిషమూ వేయలేదు.