వాసన ఎవరి కోసం?

ఆ దుకాణాయన నాకు ఇంతవరకు జవాబు చెప్పలేదు. ఆయన అమ్మిన వాసన వైప్స్‌తో, అంటే పిల్లల్ని తుడిచే తడి కాగితాలతో తుడిస్తే మా పాప ఒళ్లు కందిపోతోందని రెండుసార్లు వెళ్లి చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

అప్పట్లో ఒకసారి గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో ఆ వైప్‌తోనే తుడవబోతే పాప గుక్కపట్టి ఏడ్చింది. పక్క సీటులోని పెద్దమ్మ నా చేతిలోని ప్యాకెట్ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గీ వాసన ఎవరికి నాయనా? పిల్లకా, నీకా?"

నా భార్య నవ్వింది. నాకు రోషం వచ్చింది.

పెద్దమ్మ మనవరాలి కోసం తీసుకెళ్తున్న స్టీలు డబ్బా తెరిచింది. అందులో పాత నేత చీర ముక్కలున్నాయి. కాచి చల్లార్చిన నీళ్లలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి తడిపిందట.

"జరీ అంచు తీసేసిన, గీరుకుంటది. పొద్దుగాల తడిపినయి పొద్దుమూకే లోపల వాడాలె. మల్ల ఉడకబెట్టి ఎండెయ్యాలె."

ఒక ముక్కను ముందు తన కనురెప్పకు రాసుకుంది. ఇంకొకటి తీసి నా రెప్పకు ఆనించింది.

"నీకు గుచ్చుకుంటున్నదా? లేదు కదా. గట్లయితే పిల్లకు గుడ గుచ్చుకోదు."

కొత్త ముక్కతో ఆమే తుడిచింది. పాప ఏడుపు ఆపి ఆమె గాజులు పట్టుకుంది. పెద్దమ్మ కొన్ని ముక్కలు నా భార్య చేతిలో పెట్టి అమరచింతలో దిగేసరికి పాప నిద్రపోయింది. ఎన్నాళ్లకో నేను సీటుకు వెనక్కి వాలాను.

ఆ తర్వాత ఇంట్లో అలాగే చేసుకున్నాం. పాప ఒంటి మీద ఎరుపు పోయింది. ఇప్పటికీ ఏ గుడ్డ కొన్నా ముందు రెప్పకు రాసి చూస్తాను.

దుకాణాయనా, ఇకనైనా తల ఎత్తండి. ఆ వాసన ఎవరి కోసం? చెప్పండి.