మడమ మీద రక్తపు చుక్క

మా పెద్దమ్మాయి కాఫీ పళ్లు కోసే రోజుల్లో అరకు ఆసుపత్రిలో పుట్టింది. ఏడుపే ఎరగదు. పాలకు కూడా మేమే లేపాలి. "బంగారంలాటి గుంట, తల్లిని ఇబ్బంది పెట్టదు" అని మా అత్త మురిసిపోయింది.

ఇంటికి పంపే ముందు నర్సు వచ్చి, పిల్ల మడమలో సూది గుచ్చి కాస్త రక్తం తీయాలంది. అత్త పిల్లని గుండెకి అదుముకుంది.

"బాగానే ఉంది కదా సిస్టరమ్మా, సూదేటికి?"

"బాగున్న పిల్లలకీ తీస్తామమ్మా. కొన్ని జబ్బులు ముందు పైకి కనపడవు. కనపడేసరికి చెయ్యి దాటిపోతుంది."

అత్త నా వైపు చూసింది. నాకూ భయంగానే ఉంది. అయినా "తీయనీ అత్తా" అన్నాను. అప్పటిదాకా ఆమె మాటకి నేను ఎదురు చెప్పింది లేదు. సూది గుచ్చితే పిల్ల సన్నగా మూలిగి మళ్లీ కళ్లు మూసుకుంది.

మా ఊళ్లో ఫోనుకి సిగ్నల్ ఉండదు. కొన్నాళ్లకి ఆశా కార్యకర్త కొండెక్కి వచ్చి, "బేగి బయల్దేరండి, డాక్టరుగారు మళ్లీ రక్తం సూడాలంట" అని ఆయాసపడుతూ చెప్పింది.

రెండో పరీక్షలోనూ అదే తేలింది. పిల్లకి థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదు, ఆ మగత అందుకేనట. వదిలేస్తే ఎదుగుదలా తెలివీ రెండూ దెబ్బతింటాయని, రోజూ మాత్ర వేస్తే అందరిలాగే పెరుగుతుందని డాక్టరు చెప్పారు.

అత్త వరండాలో కూలబడి ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని లోపలికెళ్లి, మాత్ర ఎలా వేయాలో ఆయన్ని చేసి చూపించమంది.

మర్నాటి నుంచి ఆ పని ఆమెదే. పొయ్యి వెలిగించకముందే మాత్ర నలిపి, నా పాలలో కలిపి, చెంచాతో పట్టేది. ఒక వానాకాలం కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయింది.

"ఇంకా మాత్రలున్నాయి కదమ్మా, దారి తెరిచాక తెస్తాను" అన్నాడు మా ఆయన.

"అయిపోయాక ఎళ్తావేటి? ఇప్పుడే ఎళ్లు!"

ఆయన అడవిలోంచి నడిచి వెళ్లి తెచ్చాడు. మా పిల్లకి మాత్ర తప్పిన రోజు లేదు.

ఇప్పుడది బడికెళుతోంది. చెప్పులేసుకునే ఓపిక ఉండదు, పరుగే. మొన్న సంతలో పసుపు అమ్ముతున్న ఒక నిండు గర్భిణి పక్కన అత్త చతికిలబడింది.

"పురుడు ఆస్పత్రిలోనే పోసుకో. మడమ సుక్క తీయించకుండా బిడ్డని ఇంటికి తేకు."

"ఎందుకమ్మా?"

గాజుల కొట్టు దగ్గర ఎర్రవే కావాలని పేచీ పెడుతున్న మనవరాలిని అత్త వేలెత్తి చూపించింది. "అది నా మనవరాలు" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. నేనూ పక్కనే కూర్చుని విన్నాను. ఆ కథ ఆమె నోట వినడమే నాకిష్టం.