మేక నెత్తురు ఎవరు తాగారు

ఆ ఏడాది క్రిస్మస్ ముందు మా గుయాబో కొండ మీద చూపాకాబ్రాను చూడనివాడు మనిషే కాదు. మేకల మెడ కొరికి నెత్తురు పీల్చే ఆ మృగాన్ని అందరికంటే ముందు చూసింది నేనే. నేను చూసినప్పుడు నా నడుమంత ఎత్తుండేది. వీపున ముళ్లు, కోడిగుడ్లంత ఎర్రకళ్లు. వారం తిరిగేసరికి కొట్టు దగ్గర కాఫీ తాగేవాళ్ల నోళ్లలో అది చర్చి గుమ్మమంత అయింది, రెక్కలు కూడా మొలిచాయి. నేను అడ్డు చెప్పలేదు. బడి సగంలో మానేసినవాడికి అంతటి ఘనత రోజూ దొరుకుతుందా?

నమ్మనిది మా క్రిసాంతా అత్త ఒక్కతే. తీతీ అని పిలుస్తాను. మనిషి పొట్టి, మాట పదును. ఒకసారి చర్చిలో మేరీమాత కన్నీరు కారుస్తోందని కొండంతా మోకాళ్ల మీద కూలబడితే, ఈవిడ నిచ్చెన వేసుకుని కప్పెక్కి, రేకులో చిల్లు వెతికి, తారు పూసి దిగింది. మాత ఏడుపు ఆగింది. ఫాదర్ గారు మాత్రం చాలా రోజులు ఆవిడ వంక చూడలేదు.

నికానోర్ మామ పోయాక ఆవిడకు మిగిలిన తోడు కపితాన్. మామ చొక్కాలో దాచి తెచ్చిన కుక్కపిల్ల, ఇప్పుడు దూడంత. కందులన్నం ముందు దాని గిన్నెలో పడ్డాకే ఆవిడ కంచంలో పడేది.

పండక్కి పంది కోసే ఇల్లేదైనా తీతీకి కబురు వెళ్లాల్సిందే. కత్తి దిగగానే కింద బేసిను పట్టి, నెత్తురు గడ్డకట్టకుండా చేత్తో కలుపుతూనే ఉండాలి. దాంట్లో అన్నం, మిరపకాయలు కలిపి పేగుల్లో కూరితేనే మాకు పండగ. ఆ పని తీతీ చేతికే వచ్చు.

అలాంటి రోజుల్లో మా పొరుగు తిబుర్సియో మేకలు చావసాగాయి. పెళ్లయి వెళ్లిపోయిన తీతీ కూతురికి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడింది ఆయనే, అందుకే వాళ్లిద్దరూ ఒకరినొకరు కొమాద్రే, కొంపాద్రే అనుకుంటారు. రోజుకో మేక. మెడ కింద చిల్లులు, నేల మీద చుక్క నెత్తురు లేదు. పొద్దు వాలకముందే తలుపులు పడేవి. కాఫీ పళ్లు కొమ్మల మీదే ఎండాయి. తిబుర్సియో పిల్లలు పెరటి గుమ్మం దాటడం మానేశారు. పెళ్లాం పుట్టింటికి పోదామని పోరుతుంటే, మిగిలిన మేకల్ని తెగనమ్మి కొండ దిగిపోవాలని ఆయన నిర్ణయించుకున్నాడు.

ఆదివారం పూజ అయ్యాక అందరం చచ్చిన మేక చుట్టూ మూగాం.

"చుక్క నెత్తురు లేదు చూడండి! మొత్తం పీల్చేసింది!" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుంటే నీకూ నాకూ మంచిది," అంది తీతీ. "కొంపాద్రే, కత్తి ఇలా ఇవ్వు."

"తాకకు కొమాద్రే! శాపం తగులుతుంది!"

"పంది శాపం తగల్లేదు, మొగుడి శాపం తగల్లేదు, ఇదేం తగులుద్ది?"

మేకను అడ్డంగా చీల్చింది. పడుకున్న వైపు పక్కటెముకల నిండా నల్లటి నెత్తురు గడ్డలు. చేత్తో తీసి తిబుర్సియో ముఖం ముందు పెట్టింది. "ఇదిగో నీ నెత్తురు. ఎవడూ తాగలేదు. చచ్చాక కిందికి దిగి గడ్డకట్టింది. నేను బేసిను కలపకపోతే మీ పంది నెత్తురూ ఇంతే."

జనం నోరు తెరిచారు. ఎవరో అడిగారు: "అయితే చంపింది ఎవరు?"

తీతీ మేక మెడ మీది వెంట్రుకలు పాయ తీసి చిల్లుల మీద వేళ్లు పెట్టింది. పైన రెండు, కింద రెండు. ఆ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ముఖంలో రంగు పోయింది. జన్మలో అనని మాట అంది: "నాకు తెలీదు." కత్తి పడేసి ఇంటికి పరుగులాంటి నడక.

నేను వెనకే వెళ్లాను. కపితాన్ అరుగు కింద గుర్రు పెడుతోంది, మెడకున్న తాడు కొరికి తెంపేసి ఉంది. తీతీ దాని దవడ విప్పింది. పళ్ల సందున తెల్లటి మేక వెంట్రుకలు.

మా కొండ మీద పద్ధతి ఒకటే. మేకను చంపిన కుక్క తాడు మేక యజమాని చేతికివ్వాలి. తర్వాత మచ్చుకత్తి మాట్లాడుతుంది, కుక్క యజమాని ముఖం తిప్పుకోవాలి.

తీతీ సబ్బు తెచ్చి కుక్క నోరు కడగడం మొదలుపెట్టింది. సగంలో సబ్బు విసిరికొట్టి కింద కూలబడింది.

"తీతీ, భయపడకు. నిన్న సాయంత్రం చూపాకాబ్రా తిబుర్సియో పెరట్లోంచి ఎగిరిపోతుంటే చూశానని ప్రమాణం చేస్తా. ఈసారి రెండు తలలు పెడతా."

"ఒక తల ఉన్నవాడివి రెండు తలలకు ప్రమాణమేంట్రా?" అంది. "మొన్నటిదాకా ఆ మృగాన్ని చూసి నవ్వాను. ఇవాళ అదే నిజమైతే బాగుండని దేవుణ్ణి అడుగుతున్నా. తిబుర్సియో వాళ్లు కొండ దిగిపోతే? కపితాన్ ఇంకొకరి మేక మీద పడితే?"

కుక్క ఆవిడ మోకాలు నాకింది. ఆవిడ లేచి తెగిన తాడు ముడివేసి, కుక్కను పట్టుకుని తిబుర్సియో ఇంటికి బయల్దేరింది.

తిబుర్సియో వాకిట్లో చూపాకాబ్రా కోసం వచ్చిన టీవీ వాళ్ల వ్యాను ఆగి ఉంది. మైకు పట్టుకున్న అమ్మాయి ముందుకు తీతీ నేరుగా నడిచింది. "మీరు వెతికేది ఇదే."

ఆ అమ్మాయి కపితాన్‌ను చూసి నవ్వింది. "అమ్మా, కుక్కను కాస్త పక్కకు తీసుకెళ్తారా? కెమెరాకు అడ్డొస్తోంది."

తిబుర్సియో నవ్వలేదు. మా ఇద్దర్నీ కొట్టం వెనక్కి తీసుకెళ్లాడు. తీతీ తాడు ఆయన చేతిలో పెట్టింది.

"పద్ధతి నీకు తెలుసు, కొంపాద్రే."

ఆయన నడుముకున్న మచ్చుకత్తి నేను చూడనట్టు చూశాను. కపితాన్ ఆయన చేతిని వాసన చూసి తోకాడించింది.

"నికానోర్ తెచ్చినదేగా ఇది?"

"ఊఁ."

"నా పిల్లలు పెరట్లోకి వెళ్లక ఎన్నాళ్లయిందో తెలుసా నీకు?"

"అందుకే తెచ్చా."

తిబుర్సియో కొట్టంలోకి వెళ్లాడు. లోపల ఇనుము చప్పుడైంది. తీతీ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. ఆయన బయటికొస్తే చేతిలో కత్తి లేదు, మేకపోతును కట్టే గొలుసు ఉంది.

"తాడు దీనికి చాలదు కొమాద్రే. ఈసారి తెగితే మాత్రం నన్ను అడగొద్దు."

ఆ సాయంత్రం తీతీ గొలుసు సిమెంటు స్తంభానికి చుట్టి, లాగి చూసింది. లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసింది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా, మళ్లీ వచ్చి లాగి చూసింది.