మెడ ఓ రంగు, ముఖం ఓ రంగు

మా ఆయన ముఖానికి మేకప్ ఉందని కనిపెట్టింది నేను కాదు, పై వాటాలో ఉండే అమ్మాయి. ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టులకు మేకప్ వేయడం ఆమె పని.

మా ఆయన సైన్యంలో ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్. శాంతి దళం వెంట ఆఫ్రికా వెళ్ళిన సర్జరీ బృందంలో ఉన్నారు. గాయపడ్డవాళ్ళకు డేరాలోనే ఆపరేషన్ చేసి, ప్రాణం నిలబెట్టి, హెలికాప్టర్‌లో పెద్దాసుపత్రికి పంపుతారు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసింది. ఫోన్ పెట్టేశాక అంది:

“వదినా, అన్న మేకప్ ఏసుకున్నడు.”

“పోవే, నీకు అందరూ హీరోల లెక్కనే కనిపిస్తరు.”

“ఒట్టు. మెడ ఓ రంగు, మొఖం ఓ రంగు. ఎవరేసిన్రో గానీ, మెడ మర్చిపోయిన్రు.”

పెళ్ళిలో తప్ప పౌడర్ ముట్టని మనిషి. ఎవరు వేశారు? అక్కడ నర్సులున్నారని నాకు తెలుసు. ఛీ అనుకుంటూనే అనుకున్నాను. మర్నాడు జూబ్లీహిల్స్‌లో నేను వంట చేసే ఇంట్లో పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. అమ్మ నన్ను బడికి పంపకుండా పూజ గదిలో కూర్చోబెట్టే అక్షరాలు నేర్పింది. ఏ గుబులైనా అక్కడే చెప్పుకోవడం అప్పటి అలవాటు. ఆ రోజు దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే దేవుడు కనిపించలేదు, ఆయన మెడ కనిపించింది.

మళ్ళీ కాల్ రాగానే అన్నాను: “జర మొఖం కడుక్కొని రాండ్రి.”

నవ్వబోయి ఆగిపోయారు. కడుక్కొని వచ్చిన ముఖం చూశాను. కళ్ళు గుంటలు పడ్డాయి, పెదవులు పాలిపోయాయి.

“ఆపరేషన్ చేస్తుంటే సూది గుచ్చుకున్నది. ఆ పేషెంటుకు హెచ్‌ఐవీ ఉంటే నాకు అంటొద్దని గోళీలిస్తున్నరు. అవి పడక వాంతులైతున్నయి. నువ్వు భయపడతవని సిస్టర్‌ను అడిగి పూయిచ్చుకున్న. ఆ పేషెంటుకు ఏం లేదంట, ఫికర్ చేయకు.”

“ఏం లేకుంటే గోళీలెందుకు? లేదని ఎవరన్నరు?”

వాళ్ళ బృందంలోని డాక్టరమ్మకు ఫోన్ ఇమ్మన్నాను. ఆమెది కోస్తా మాట.

“మీ ఆయనకు అబద్ధం ఆడటం బొత్తిగా రాదండీ. ఆ పేషెంటును పరీక్ష చేసేలోపే హెలికాప్టర్ ఎక్కించేశాం. రిపోర్టు ఇంకా రాలేదు. ఉందో లేదో నాకూ తెలీదు. మందు మాత్రం వెంటనే మొదలుపెట్టాం, మానకుండా చూసుకుంటాను.”

తెలీదు అన్న ఆ మాటకు ఆమెకు చేతులెత్తి దండం పెట్టాను. ఏం లేదంట అన్న మాట కన్నా అదే నాకు ధైర్యమిచ్చింది. కానీ ఆయన మాట మీద అనుమానం పోలేదు. తిన్నానంటే ఏం తిన్నారని, నిద్రపోయానంటే ఎంతసేపని అడిగేదాన్ని.

గోళీల కోర్సు ముగిసింది. చివరి రక్త పరీక్ష నెలల తర్వాత జరిగింది. ఏమీ లేదని ఆయన చెప్పారు. డాక్టరమ్మ నోట కూడా విన్నాకే ఏడ్చాను. నాకు పేరైనా తెలియని ఆ గాయపడ్డ మనిషి కోసం కూడా ఆ రోజు ఒక దీపం పెట్టాను.

“రేపటి సంది మళ్ళ ఆపరేషన్లకు పోతున్న,” అన్నారు.

“భయమైతలేదా?”

“అయితున్నది,” అన్నారు.

ఆ మాట నిజమేనా అని నేనింకెవరినీ అడగలేదు.