ఖాదర్ భాయ్ సూట్‌కేసూ నా కెనడా ప్రయాణమూ

నిన్న మా ఆఫీసుల ఏమైందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఏం ఫికర్ లేదు, నాకే నవ్వొస్తున్నది. నాకు కెనడా కాగితాలొచ్చినయ్ భాయ్! పక్కా కాగితాలు! పోయి అక్కడ్నే ఉండొచ్చు, నౌకరీ చేసుకోవచ్చు. ఆ కవరు పట్టుకొని ఉరుక్కుంట ఆఫీసుకు పోయి, "సార్, నేను పోతున్న, ఈసారి పర్మనెంటు!" అని ఒర్రిన. మా నల్లా నీళ్ళ ఆఫీసుల పద్నాలుగు మందిమి ఉంటం. ఒక్కడన్న తలెత్తలే. హెడ్ క్లర్క్ రామచంద్రం సారైతే ఫైలు మీదికెల్లి కండ్లు తీయకుండనే, "మంచిది దాసూ. పోయేటప్పుడు ఫ్యాన్ బంద్ చేసి పో" అన్నడు.

గట్లెందుకన్నడు అంటే, తప్పు నాదే. కొంచెం ఆయనది గూడ ఉన్నది. మొదటికెల్లి చెప్త, ముందుగాల చాయ్ చెప్పుండ్రి.

మీకు ఎరికే గద, మా ఇంటామె సలోమి నర్సు. పెండ్లికి ముందే కెనడాల ఒక దవాఖానకు అప్లికేషన్ పెట్టుకున్నది. కాగితాలేమో పెండ్లైనంక వచ్చినయ్. నలభై రోజులు కాపురం చేసినం. నలభయ్యొకటో రోజు నేనే బేగంపేటకు పోయి విమానమెక్కించిన. అక్కడ కాలు పెట్టంగనే నాకు స్పాన్సర్ చేసింది. అంటే ఏంది, "ఈయన నా మొగుడు, ఈయన తిండికీ బట్టకూ పూచీ నాది, రానియ్యుండ్రి" అని అక్కడి సర్కారుకు రాసియ్యాలన్నట్టు. మా హుస్సేనీ ఆలం బస్తీల ఈ ముచ్చట పాకినంక, మీటర్ చూడనీకి నేను ఏ ఇంటికి పోయినా ఒకటే మాట. "ఏం దాసన్నా, నిన్ను మీ ఆవిడ ఎప్పుడు తీస్కపోతదట?" పైకి నవ్వుతుంటి గని లోపల మండుతుండె.

ఏడాదిన్నర గడిచింది. నా ఫైలు ఢిల్లీల పండుకున్నది, లేవదు. వారానికొక ఉత్తరం ఆమె రాస్తది, వారానికొకటి నేను రాస్త. చెప్పనీకి సిగ్గైతది గని, సలోమి మొఖం యాద్ చేసుకుంటే పెండ్లి ఫోటోల మొఖమే కండ్ల ముంగటికొస్తుండె. అసలు మొఖం మర్చిపోతున్ననా ఏంది అని భయం పట్టుకున్నది.

గప్పుడు ఆమెనే డ్యూటీల మీద డ్యూటీలు చేసి నాకు టికెట్ పంపింది, ఫైలు తేలేలోపల చుట్టపుచూపుగ మూడు వారాలు వచ్చి పొమ్మని. ఇది డెబ్బై ఎనిమిదిల ముచ్చట, గట్ల పోనీకి ఇక్కడ వీసా తీసుకునే పని లేదు. విమానం దిగినంక అక్కడి ఆఫీసరే కాగితాలు చూస్తడు, మొఖం చూస్తడు, నచ్చితే లోపలికి రానిస్తడు. నచ్చకపోతే తిప్పి పంపుతడు. టికెట్ తోని ఒక ఉత్తరం గూడ వచ్చింది. "మన ఫైలు నడుస్తున్నది కాబట్టి మీరు ఇక్కడ్నే ఉండిపోనీకి వచ్చిన్రని వాళ్ళకు అనుమానం వస్తది. వచ్చిందంటే వాపస్ పంపి, అది ఫైల్ల గూడ రాస్తరు. జెర సామాను తక్కువ తెచ్చుకోండ్రి. లీవు ఆర్డరు చేతుల పెట్టుకోండ్రి. ఎవ్వరికీ ఎక్కువ చెప్పకుండ్రి." ఎవ్వరికీ ఎక్కువ చెప్పకుండ్రి అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

నేను చెప్పలే! ఒట్టు! రామచంద్రం సారుకు ఒక్కడికే చెప్పిన, లీవు ఆర్డరు రాసేది ఆయనే గద మరి. ఆయన నున్నగ టైపు కొట్టి, దాసు ఇరవయ్యో తారీఖున మళ్ళ డ్యూటీల చేరుతడని సంతకం పెట్టిచ్చిండు. ఇచ్చుకుంట నాకెల్లి చూసి కన్ను కొట్టిండు.

"సార్, నిజంగ మూడు వారాలే. తిరిగొస్త" అన్న.

"నాకు చెప్తవా దాసూ? తిరిగొస్తనని చెప్పి పోయినోళ్ళను ఎంతమందిని చూసిన. దిష్టి తగులుతదని దాస్తున్నవ్. దాచు, దాచు, మంచిదే."

చాయ్ టైముకల్ల ఆఫీసంత పాకింది. నేను కాదంటే కాదన్నకొద్దీ వాళ్ళు అవునన్నట్టు నవ్వుతున్రు. మీటర్ బుక్కు పక్కోడు తీసుకున్నడు. నా స్టూలు ప్యూను తీసుకున్నడు. ఇగ ఏం చెప్తం!

సామాను సంగతికొస్తే, నా దగ్గర సూట్‌కేస్ లేదు. మా ఇంటి పక్కన ఖాదర్ భాయ్ ఉన్నడు గద, సప్లయింగ్ కంపెనీ ఆయన. పెండ్లిండ్లకు వంట డేగ్‌లు, కుర్చీలు, శామియానాలు కిరాయికిస్తడు. ఆయన దుకాణంల చెంచా మీద గూడ పెయింటుతోని పేరు రాసి ఉంటది. ఎర్రటి పెద్ద సూట్‌కేస్ ఒకటుంటది ఆయన దగ్గర, పెండ్లికొడుకు బట్టలు పెట్టుకునేది. అడిగిన. ఆయన నవ్వలే, కన్ను కొట్టలే. గడ్డం గోక్కుంట సీరియస్‌గ అడిగిండు.

"వాపస్ ఆతే నా, దాస్ భాయ్?"

"వస్త భాయ్. పందొమ్మిదికి ఈడుంట."

"ఇరవై ఒకటికి మా బామ్మర్ది షాదీ ఉంది. దుల్హా బట్టలు దీంట్లనే పోవాలె." అని సూట్‌కేస్ నా చేతుల పెట్టిండు. కిరాయి మాటెత్తితే తిట్టిండు. ఊరంతట్ల నేను తిరిగొస్తనని నమ్మినోడు ఆయనొక్కడే.

పోయేరోజు బేగంపేటల చూడాలె లొల్లి! ఆఫీసోళ్ళంత ఒక లారీల దిగిన్రు. ఎవడు పిలిచిండో ఏమో మర్ఫా గూడ వచ్చింది, దబదబా వాయిస్తున్రు. మెడల పదిహేను దండలు. ఖాదర్ భాయ్ ఇంటామె, మేము ఆపా అంటం, నా జబ్బకు ఇమాం జామిన్ కట్టింది. పచ్చ గుడ్డల రూపాయి బిళ్ళ పెట్టి కడతరు గద, క్షేమంగ చేరినంక అది ఎవరన్న బీదోళ్ళకియ్యాలె. మేము చర్చికి పోయేటోళ్ళమైనా మా గల్లీల ఎవరు ఊరికి పోయినా ఆపానే కడతది. తర్వాత రామచంద్రం సార్ ముంగటికొచ్చి ఒక సన్మాన పత్రం చదివిండు. ఇంగ్లీషు! బంగారు అక్షరాలు, అద్దం, ఫ్రేము! ఆయనకు పత్రాలు రాసుడంటే పానం. నాకు సగం అర్థం కాలే, మర్ఫాల సగం వినబడలే. కండ్లల్ల నీళ్ళు మాత్రం ధారగ కారినయ్.

ఇగో, ఈడ చేసిన నేను గాడిదపని. ఆ ఫ్రేమును సాగనంపనీకొచ్చిన మా నాయిన చేతికిచ్చి ఇంటికి పంపితే అయిపోతుండె. కాని మనసుల ఏమున్నదంటే, భార్య తీస్కపోతున్నది, భార్య తీస్కపోతున్నది అని ఊరంత ఏడిపిచ్చిన్రు గద. సలోమి చూడాలె, ఆమె మొగుడు గూడ ఈడ ఒక మనిషే అని! అందుకని ఆడ్నే సూట్‌కేస్ తెరిచి, బట్టల మీద ఫ్రేము పెట్టి మూసిన. చదివినవా అంటే, చదవలే. చదివితే మళ్ళ ఏడుపొస్తదని!

టొరంటోల దిగిన. ఆఫీసర్ తాడిచెట్టంత ఉన్నడు, ఎర్రటి మీసాలు. ఎన్ని రోజులుంటవ్ అన్నడు. మూడు వారాలు అన్న. లీవు ఆర్డరు చూపిచ్చిన. తల ఊపిండు. అయిపోయిందనుకున్న. ఆయన వెనక ఒక తలుపున్నది. ఎవరన్న బయటికి పోతే అది తెరుచుకుంటది, తెరుచుకున్నప్పుడల్ల అవతల సలోమి పచ్చ చీర కనబడుతున్నది. మూసుకుంటే మాయం. ఇరవై అడుగులు లేదు భాయ్! ఏడాదిన్నర తర్వాత ఇరవై అడుగులు!

"సూట్‌కేస్ తెరువు" అన్నడు.

తెరిచిన. మీద ఫ్రేము ధగధగ మెరుస్తున్నది. ఆయన తీసుకొని చదవనీకి షురూ చేసిండు. పైకే చదువుతున్నడు. అది తెలుగుల చెప్పాలంటే గిట్లున్నది: "మాతృభూమిని శాశ్వతంగా వీడి, కెనడా దేశమున స్థిరనివాసమేర్పరచుకొనబోవుచున్న ప్రియమైన దాసు గారికి. ఇకపై మీరు మా నడుమ ఎన్నడునూ ఉండబోరన్న తలపే మమ్ము దహించుచున్నది."

నన్ను గూడ దహించింది.

ఆయన కింద సంతకం చూసిండు. లీవు ఆర్డరు మీద సంతకం చూసిండు. రెండూ పక్కపక్కన పెట్టిండు. "ఈ మనిషి ఈ కాగితంల నువ్వు ఇరవయ్యో తారీఖుకు వస్తవంటున్నడు. ఈ ఫ్రేముల ఎన్నడూ రావంటున్నడు. ఏది అబద్ధం?"

"సార్, ఫ్రేముది అబద్ధం. మా దగ్గర ఫ్రేము కట్టేటివి గట్లనే రాస్తరు. మూడు వారాలకు పోయొస్తుండు అని రాస్తే ఫ్రేము ఎవరు కడతరు సార్?"

ఆయన నవ్వలే. నా జబ్బకున్న పచ్చ గుడ్డ పట్టి చూసి, ఇదేంది అన్నడు. క్షేమంగ చేరినంక ఈ బిళ్ళ దానం చెయ్యాలె సార్ అని చెప్పిన.

"ఇంకా చేరలేదు కదా నువ్వు" అన్నడు.

గంతల తలుపు తెరుచుకున్నది, పచ్చ చీర కనబడ్డది. సలోమి చెయ్యి ఊపుతున్నది. పిచ్చిది, ఏం జరుగుతున్నదో తెల్వదు. ఆమె ఏడాదిన్నర కూడబెట్టిన ఆశంత నేను ఒక అద్దం ఫ్రేముల పెట్టి ఆఫీసర్ చేతికిచ్చిన. ఇప్పుడు వాపస్ పంపితే ఫైలు గూడ పాయె. నా గొప్పకు నిప్పు పెట్ట!

పక్కకు నడువు అనుకుంట ఆయన సూట్‌కేస్ మూయబోయిండు. మూత సగం దించి ఆగిండు. మళ్ళ లేపిండు. మూత లోపలి దిక్కు తెల్ల పెయింటుతోని, అరచెయ్యంత అక్షరాలు, ఇంగ్లీషుల: "ఖాదర్ సప్లయింగ్ కంపెనీ, హుస్సేనీ ఆలం. పెండ్లికొడుకు డబ్బ. వాపస్ తప్పనిసరి." దాని కింద కాగితం అంటించి ఉన్నది, ఖాదర్ భాయ్ చేతిరాత, అదీ ఇంగ్లీషులనే: "పెండ్లి 21. డబ్బ 19కి రావాలె."

"ఇదేంది?" అన్నడు.

"సార్, ఇది నా సూట్‌కేస్ కాదు. మా పక్కింటి ఖాదర్ భాయ్‌ది. ఇరవై ఒకటికి వాళ్ళ బామ్మర్ది పెండ్లి. దుల్హా బట్టలు దీంట్లనే పోవాలె."

"నువ్వు పోకపోతే?"

నేను ఆలోచించలే భాయ్. నోట్లకెల్లి అదే వచ్చింది. "పోకపోతే ఎట్ల సార్? మీకు ఖాదర్ భాయ్ సంగతి తెల్వదు. ఆయన ఇక్కడికే వస్తడు!"

ఆ ఎర్రమీసాలాయన నన్నొకసారి చూసిండు, అక్షరాలను ఒకసారి చూసిండు. పక్క కౌంటర్ ఆయన్ను పిలిచి చూపిచ్చిండు. ఇద్దరూ టేబుల్ పట్టుకొని నవ్విన్రు. నవ్వి నవ్వి, పాస్‌పోర్ట్ మీద ముద్ర కొట్టి, పద్దెనిమిదో తారీఖు దాంక అని రాసిండు. అంటే వాళ్ళు అనుమతి ఇచ్చింది నాకు కాదు, సూట్‌కేస్‌కు!

బయటికొచ్చి ఫ్రేము సలోమి చేతుల పెట్టిన. నిలబడ్డచోట్నే చదివింది. "ఇది లోపల చూసిన్రా వాళ్ళు?" అన్నది. చూసిన్రన్న. మొదలు నెత్తి మీద ఒక్కటి మొట్టింది, తర్వాత పట్టుకొని ఏడ్చింది. ఆమె అసలు మొఖం ఫోటోకంటె మస్తు బాగున్నది. ఆ మూడు వారాలు ఎట్ల గడిచినయో మీకు చెప్పను, అది నా ముచ్చట.

పందొమ్మిదికి బేగంపేటల దిగి, సీదా ఖాదర్ భాయ్ ఇంటికే పోయిన. ఆయన సూట్‌కేస్ తిప్పి తిప్పి చూసి, "షాబాష్" అన్నడు. అంతే. ఆపా నా జబ్బ మీద ఇమాం జామిన్ చూసి మొత్తుకున్నది. ఏం చెయ్యాలె, అక్కడ బిళ్ళ ఇద్దామంటే బీదోడెవడో గుర్తుపట్టరాలే, అందరికీ కోట్లున్నయ్! మక్కా మసీదు కాడ ఇచ్చొచ్చిన.

తెల్లారి ఆఫీసుకు పోతే, దయ్యాన్ని చూసినట్టు చూసిన్రు. "మర్ఫా పెట్టిచ్చి పంపితే ఎట్లొస్తవ్ రా?" అని ఒకడు. ప్యూను స్టూలు ఇయ్యనన్నడు. రామచంద్రం సార్ వారం దాంక మాట్లాడలే. ఎనిమిదో రోజు వచ్చి, "నా ఇంగ్లీషంత గంగల కలిపినవ్. ఫ్రేము తే" అన్నడు. సలోమి దాన్ని నా వెంటనే వాపస్ పంపింది గద, తెచ్చిచ్చిన. రిటైరైన అటెండర్ యాదగిరికి అదే ఫ్రేము ఇచ్చిన్రు, నా పేరు మీద కాగితం అంటించి. పాపం యాదగిరి ఇప్పుడు ఫలక్‌నుమాల ఇంట్ల కూసొని కెనడాల స్థిరపడ్డడు!

గందుకే నిన్న నేను నిజంగ పోతున్ననంటే ఒక్కడు తలెత్తలే. దండ లేదు, మర్ఫా లేదు. సరే, ఏం చేస్తం, నిన్న సాయంత్రం ఖాదర్ భాయ్ దగ్గరికి పోయిన. "భాయ్, కాగితాలొచ్చినయ్. సోమవారం పోతున్న. సూట్‌కేస్ కావాలె."

ఆయన డేగ్ తోముతున్నోని చేతిలకెల్లి పీచు గుంజుకొని తానే తోముడు షురూ చేసిండు. "అబ్‌కీ బార్ వాపస్ నై ఆతే నా?" అన్నడు.

"రాను భాయ్" అన్న.

"మరి డబ్బ ఎట్లిస్త?" అని మొఖం అటు తిప్పుకున్నడు. ఊరంతట్ల నేను నిజంగ పోతున్ననని నమ్మినోడు గూడ ఆయనొక్కడే. ఆయన కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. సూట్‌కేస్ మాత్రం రాలే.

గందుకే మిమ్మల్ని చాయ్‌కు పిలిచిన. మీ ఇండ్లల్ల ఎవరి దగ్గరన్న పెద్ద సూట్‌కేస్ ఉన్నదా? ఎవరిచేతన్న వాపస్ పంపిస్త, ఒట్టు! అరే, గప్పుడే లేస్తున్నరేంది? చాయ్ గూడ రాలే ఇంకా!